‘పెద్దలకు పెట్టుకోవడం’: ఈ మాట పక్కన హాలోవీన్‌ను పెట్టొచ్చా?

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో ఏటా అక్టోబరు 31న హాలోవీన్ చేస్తారు. అమెరికా క్లయింట్ల పని మాది. నేను అనంతపురంలో ఇంటి నుంచే పని చేస్తాను కాబట్టి వీడియో కాల్‌లోనే పాల్గొంటాను. నల్ల టోపీలు, మొహాల మీద రంగులు, అంతా సందడిగా ఉంటుంది, నాకు ఇష్టమే. ఈసారి పోస్టర్‌కు తెలుగు మాటలు చూసిపెట్టమని నన్ను అడిగారు. పైన ‘దయ్యాల పండగ’ అనీ, కింద ‘మన పెద్దల అమావాస్య లాంటిదే’ అనీ ముందే రాసి పంపారు. ఆ కింది వాక్యాన్ని నేను ఒప్పుకోలేకపోయాను. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను. మీ ఊళ్లలో మాట ఎలా ఉందో చెప్పండి.

మహాలయ అమావాస్య అనే పేరు మా వైపు పంచాంగంలోనే ఎక్కువ కనిపిస్తుంది. ఇళ్లలో అది పెద్దల అమావాస్య, పెద్దల పండగ. తెలంగాణ వాళ్లు పెత్రమాస అంటారు, అందులో ఉన్నది ‘పితృ’ శబ్దం. మన మాటలో ఉన్నది ‘పెద్ద’. ఇరవై ఏళ్లకే పోయిన చిన్నాయన కూడా పెద్దల్లో కలిశాక పెద్దే. వయసులో ఆయన్ను ఎప్పుడో దాటేసిన అన్న కొడుకు కూడా ఆయన ఫోటో ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు.

ఇక క్రియ సంగతి. పెట్టడం అంటే అన్నం పెట్టడం, బట్టలు పెట్టడం. పెట్టుపోతలు, పెట్టిపుట్టడం, అడగందే అమ్మైనా పెట్టదు... ఈ ‘పెట్టు’ అంతా ఒక చేతి నుంచి ఇంకొకరికి అందేదే. దానికి ‘కొను’ చేరితే పని మనకోసం అవుతుంది. వండాను, వండుకున్నాను. చెప్పాను, చెప్పుకున్నాను. పెద్దలకు పెట్టాం అనకుండా పెట్టుకున్నాం అంటున్నామంటే, తినేది వాళ్లయినా తీరేది మన మనసు అని ఆ ‘కొను’ చెప్తోంది. నాకు ఈ మాటలో అన్నిటికన్నా నచ్చేది అదే.

మా ఇంట్లో ఆ రోజు జేజి (నాయనమ్మ) ఫోటోను తడిగుడ్డతో తుడిచి బొట్టు పెడతారు. కొత్త చీరను మడత విప్పకుండానే అంచులకు పసుపు రాసి ఫోటో ముందు ఉంచుతారు. ఆకులో ఓళిగలు, అలసంద వడలు, చిత్రాన్నం. పక్కన ఆమె నమిలే ఆకూ వక్కా, చిటికెడు సున్నం. సాంబ్రాణి వేసి, తలుపు దగ్గరికి వేసి, అందరం కాసేపు బయట కూర్చుంటాం. పెద్దలు తినేటప్పుడు ఎవరూ చూడకూడదట. తర్వాత మిద్దె మీద కాకికి ముద్ద. ఇందులో భయపడే ఘట్టం ఒక్కటీ లేదు.

‘దయ్యం’ గురించి కూడా ఒక మాట. ప్రకృతి వికృతుల పట్టికలో దైవానికి వికృతి దయ్యం అని బడిలో చదువుకున్నదే. మాట పుట్టుక అంత మంచిదైనా ఇవాళ వాడుకలో అది భయపెట్టేదే. ఆ మాటను మా జేజికి ఎవరైనా అంటగడితే నేను ఒప్పుకోను.

హాలోవీన్‌కు కూడా ఆ తెలుగు పేరు నప్పదు. హాలో అంటే పాత ఇంగ్లీషులో పునీతుడు. నవంబరు 1న క్రైస్తవుల సకల పునీతుల పండుగ, దాని ముందు సాయంత్రం హాలోవీన్. ఐర్లాండ్, స్కాట్లాండ్‌లలో దీపాలకు ముల్లంగి లాంటి టర్నిప్ దుంపలను తొలిచేవారు, అమెరికా చేరాక గుమ్మడికాయ వచ్చింది.

*ఆదోని నుంచి:* అన్నా, మా ఇంట్లో మాంసం వండి పెడతాం. మా అబ్బకు బీడీ కట్ట కూడా. మేమూ పెట్టుకున్నాం అనే అంటాం. సంక్రాంతికి బట్టలు పెట్టినప్పుడూ అదే మాట.

*కర్నూలు నుంచి:* మేము కేథలిక్కులం. నవంబరు 2 మాకు సమాధుల పండుగ. ముందు రోజే గడ్డి పీకి, సున్నం కొట్టి వస్తాం. సాయంత్రం పూలు, కొవ్వొత్తులు, గురువుగారి ప్రార్థన. హాలోవీన్‌కు రెండు రోజుల తేడాయే కదా, మీ ఆఫీసు వాళ్లకు పోలిక కావాలంటే ఇది దగ్గర. మేము ‘పెట్టుకోవడం’ అనము, ‘సమాధులకాడికి పోయొచ్చినాం’ అంటాం.

అక్కా, ఇది చాలా విలువైన సంగతి. క్యాలెండర్ ప్రకారం హాలోవీన్‌కు అసలు చుట్టం మీ పండుగే. పెద్దల అమావాస్య మాత్రం అంతకు చాలా ముందే, 2024లో అక్టోబరు 2న, 2025లో సెప్టెంబరు 21న వచ్చింది.

*కడప నుంచి:* తద్దినం మాటేమిటి? తత్ దినం, అంటే ఆ రోజు, అంతే. అంత మర్యాదైన మాటను విసుగొచ్చినప్పుడు వాడేసి పాడు చేశాం.

నిజం సార్. ‘రోజూ ఈ తద్దినమేంది’ అనడం నేనూ వింటుంటాను. ‘పెట్టుకోవడం’ మాత్రం ఇంకా అలా అరగలేదు, ఇళ్లలో ఆడవాళ్ల నోట భద్రంగా ఉంది. పోస్టర్ విషయం: పైన ‘హాలోవీన్’ అని తెలుగు లిపిలో ఉంచి, కింది వాక్యం తీసేసి పంపాను, వాళ్లూ సరేనన్నారు. ఒక సందేహం మిగిలింది. పెద్దల విషయంలో ‘కొను’ లేకుండా ఎక్కడైనా అంటారా?

*కడప నుంచి:* కాకికి అంటాం. ‘పెద్దలకు పెట్టుకున్నాం, కాకికి పెట్టినాం.’ మా అమ్మ ఈ రెండూ ఎప్పుడూ కలిపేయదు.