అప్‌డేట్: పొట్టి తోరాదార్ కోసినదే

52 సెం.మీ. గొట్టం ఉన్న ఈ తోరాదార్ (మందును వెలిగే వత్తితో అంటించి పేల్చే పాత భారతీయ తుపాకీ) మొదటినుంచీ పొట్టిదా, పొడవైనదాన్ని కోశారా అని అడిగాను కదా. కోసినదేనని తేలింది.

పట్టిచ్చింది మూతి. తోరాదార్ గొట్టానికి మూతి దగ్గర సాధారణంగా ఉబ్బెత్తు కట్టు, దానిపై గురిచూసే చిన్న బొడిపె ఉంటాయి. దీనికి రెండూ లేవు. పైగా బంగారు తీగ నగిషీ పువ్వు సగంలో తెగింది. అసలు పొట్టివాటిలో నగిషీకి అంచు ఉంటుంది. గొట్టాన్ని కొయ్యకు బిగించిన తోలు కట్లను నమ్మొద్దు, అవి ఎప్పుడైనా మార్చి ఉండొచ్చు.

శుభ్రం చేసేముందు గొట్టంలో తుపాకీ మందు ఉందేమో చూడటం తప్పనిసరి. మూతికి ఎదురుగా నిలబడకుండా, చెక్క కడ్డీని ఆగేదాకా దించి మూతి దగ్గర గుర్తు పెట్టి, తీసి గొట్టం పక్కన ఆనించి, రంజకపు రంధ్రంతో (మందుకు నిప్పు అందే చిన్న రంధ్రం) పోల్చండి. రంధ్రం కంటే రెండు మూడు అంగుళాలు ముందే ఆగితే లోపల మందూ గుండూ ఉన్నట్టే లెక్క. అప్పుడు దాన్ని కదపకుండా, తెలిసినవాళ్లనే పిలవండి.

కొనేవాళ్లకు ఒక మాట: 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 45లో ఆ చట్టం నుంచి ఇచ్చే మినహాయింపు పాతదైనంత మాత్రాన రాదు, మరమ్మతు చేసినా పేలనిదై ఉండాలి. వందేళ్లు దాటినదాన్ని విదేశాలకు పంపడం 1972 పురావస్తువుల, కళాసంపద చట్టం ప్రకారం వ్యక్తులకు నిషిద్ధం.