ఇన్ఫెక్షన్ ఇంజెక్షన్ వయల్ నుంచే వస్తోందని ఎలా తేల్చాలి?

నేను ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుని. మా ఐసీయూలో వేర్వేరు జబ్బులతో చేరిన కొందరికి రక్తంలో సూక్ష్మజీవుల్ని వెతికే బ్లడ్ కల్చర్‌లో బర్ఖోల్డేరియా సెపేషియా అనే బ్యాక్టీరియా వచ్చింది. ఇది కొన్ని యాంటీసెప్టిక్ ద్రావణాల్లో కూడా బతకగలదు. వాళ్లందరికీ ఇచ్చిన వాంతుల ఇంజెక్షన్ మీదే నా అనుమానం. వాడుతున్న మల్టీడోస్ (ఒకే సీసాలోంచి చాలాసార్లు మందు తీసే) వయల్‌లో అదే బ్యాక్టీరియా దొరికింది, అదే బ్యాచ్‌లో సీలు తీయని వయల్స్‌లో మాత్రం ఏమీ పెరగలేదు.

అంటే వార్డులోనే కలుషితమైందని అనుకోవచ్చా? బ్యాచ్‌లో కొన్ని వయల్స్ మాత్రమే పాడై ఉండొచ్చు కదా! 1970-71లో అమెరికాలో ఐవీ ఫ్లూయిడ్ సీసాల మూతల్లోనే ఎంటరోబాక్టర్ అనే బ్యాక్టీరియా ఉందని తేలింది. బ్యాచ్ మొత్తం పక్కన పెట్టించాం. ఇంకా ఎన్ని వయల్స్ పరీక్షించాలి? మెంబ్రేన్ ఫిల్ట్రేషన్ (మందుని సన్నటి ఫిల్టర్ గుండా పంపి, దానిమీద చిక్కిన బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్ష) చేయించాలా? ఇన్ఫెక్షన్ రానివాళ్లతో పోల్చడానికి ఎవరి కేస్ షీట్లు తీసుకోవాలి? ఇలాంటి దర్యాప్తు చేసినవాళ్లు దయచేసి చెప్పండి. ఇంకో పేషెంట్‌కి వస్తుందేమోనని చాలా టెన్షన్‌గా ఉంది.