వర్లాండర్‌కి ఇంకా ఒక్క విన్ కూడా రాలేదెందుకు? బే ఏరియాకి కొత్తగా వచ్చాను, కాస్త చెప్పండి

సన్నీవేల్ నుంచి, జూలై 21, 2025

అందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో హైదరాబాద్ ఆఫీసు నుంచి ఇక్కడికి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాను. సొంతూరు తెనాలి. టీమ్‌లో ఆరుగురం, నేను తప్ప అందరూ శాన్ ఫ్రాన్సిస్కో బేస్‌బాల్ జట్టు జెయింట్స్ అభిమానులే. లంచ్ టేబుల్ దగ్గర రోజూ ఒకటే చర్చ, ఈ ఏడాది కొత్తగా తెచ్చుకున్న పిచర్ (మన బౌలర్ లాంటివాడు) జస్టిన్ వర్లాండర్ గురించి. ఇవాళ నేనూ మాట కలుపుదామని, "ఎనిమిది ఓడి ఒక్కటీ గెలవలేదు కదా, ఇంకా ఎందుకు ఆడిస్తున్నారు?" అన్నాను. టేబుల్ అంతా నిశ్శబ్దం. మా సీనియర్ ఒకాయన, "అది అంత సులువు కాదు" అని ఊరుకున్నాడు. నేనేం తప్పు మాట్లాడానో అర్థం కాలేదు. క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు నాకు. వచ్చే నెల టీమంతా కలిసి మ్యాచ్‌కి వెళ్తున్నాం. ఈలోపు కాస్త తెలుసుకోవాలని ఉంది.

ఫ్రీమాంట్ నుంచి, జూలై 21

తమ్ముడూ, తప్పేం మాట్లాడలేదు. నువ్వడిగిన ప్రశ్నే వాళ్ళలో సగంమంది మనసులోనూ ఉంది. పైకి అనడానికి వాళ్ళకి మనసొప్పడం లేదు, అంతే. నేను 2003లో వచ్చాను. మొదటి రెండేళ్ళు ఆ టేబుల్ దగ్గర నీలాగే కూర్చున్నాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు మాటల సంగతి. మనకి పిచ్ అంటే 22 గజాల నేల. ఇక్కడ పిచ్ అంటే విసిరిన ఒక్కో బంతి. విన్ అంటే జట్టు గెలుపు ఒక్కటే కాదు, పిచర్ ఖాతాలో పడే లెక్క కూడా. ఇక్కడ ఒక్కో జట్టుకి తొమ్మిది చిన్న ఇన్నింగ్స్ ఉంటాయి, మ్యాచ్ మొదలుపెట్టిన పిచర్ వాటిలో కనీసం ఐదు వేయాలి. అతను దిగేసరికి జట్టు ఆధిక్యంలో ఉండాలి. ఆ తర్వాత చివరిదాకా ఆ ఆధిక్యం ఒక్కసారి కూడా పోకూడదు. ఇవన్నీ కుదిరితేనే అతని పేరు పక్కన విన్ పడుతుంది. ఆరు ఇన్నింగ్స్ అద్భుతంగా వేసి 2-1 ఆధిక్యంతో దిగాడనుకో. తర్వాత వచ్చినవాడు ఒక్క పరుగిచ్చి స్కోరు సమం చేశాడంటే, చివరికి జట్టు గెలిచినా మొదటివాడికి విన్ రాదు. మన భాషలో చెప్పాలంటే, బుమ్రా 4-0-18-3 వేశాక బ్యాటర్లు 120కే కుప్పకూలితే, "బుమ్రా ఓడాడు" అని అతని ఖాతాలో రాసినట్టు.

అందుకే ఆట తెలిసినవాళ్ళు ఈ మధ్య విన్‌లని పెద్దగా చూడరు. 2018లో న్యూయార్క్ మెట్స్ పిచర్ జేకబ్ డిగ్రామ్ 10 గెలిచి 9 ఓడాడు. అంకెలు చూస్తే మామూలు బౌలర్ అనుకుంటాం. కానీ అతని ఈఆర్ఏ 1.70, మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఆ ఏడాది అతనికే ఇచ్చారు. ఈఆర్ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున పిచర్ తన బాధ్యత మీద ఇచ్చిన పరుగులు. ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి అందులో కలపరు. 3 లోపుంటే చాలా గొప్ప, 4 దగ్గరుంటే ఫర్వాలేదు, 5 దాటితే జనం గొణగడం మొదలుపెడతారు.

ఇక మనవాడి సంగతి. వర్లాండర్‌కి 42 ఏళ్ళు. జేమ్స్ అండర్సన్ లార్డ్స్‌లో చివరి టెస్టు ఆడినప్పుడు 41, అది గుర్తు తెచ్చుకో. మూడు సై యంగ్‌లు, రెండు వరల్డ్ సిరీస్‌లు (అంటే సీజన్ చివరి ఫైనల్ సిరీస్ గెలుపులు), 2011లో ఎంవీపీ (ఏడాది మేటి ఆటగాడు), మూడు నో-హిట్టర్లు (ఎదుటివాళ్ళు ఒక్క హిట్ కూడా కొట్టలేని మ్యాచ్‌లు). ఈ సీజన్ మొదలయ్యేనాటికి 262 విన్‌లు. 300 చేరాలని అతని ఆశ, ఆ మాట బాహాటంగానే చెప్పాడు. జెయింట్స్ జనవరిలో ఒక్క ఏడాదికి కోటిన్నర డాలర్లిచ్చి తీసుకున్నారు. మే నెలలో ఛాతీ కండరం పట్టేసి కొన్నాళ్ళు బయట కూర్చున్నాడు. బాగా వేసిన రోజుల్లో మన బ్యాటర్లు పరుగులు తీయలేదు. ఆధిక్యం ఇచ్చి దిగిన రోజుల్లో వెనక వచ్చినవాళ్ళు నిలబెట్టలేదు. మొన్న శుక్రవారం టొరంటోలో మాత్రం నిజంగానే తేలిపోయాడు, తొందరగా దింపేశారు. దాంతో 0-8, ఈఆర్ఏ 5 దగ్గర. కాబట్టి అతను బాగా వేస్తున్నాడని నేననను. కానీ 0-8 చూపించినంత ఘోరంగానూ వేయడం లేదు. రేపు అడగాలనుకుంటే ఇలా అడుగు: "విన్‌ల సంగతి వదిలేయండి, బంతి ఎలా వేస్తున్నాడు?" వాళ్ళే గంటసేపు చెప్తారు.

శాన్ హోసే నుంచి, జూలై 21

ఫ్రీమాంట్ అన్నగారికి గౌరవంతోనే విభేదిస్తున్నాను. అదృష్టం లేదు, అదృష్టం లేదు అని ఎన్నాళ్ళంటాం? ఏప్రిల్‌లో ఆ మాట ఒప్పుకున్నా. ఇప్పుడు జూలై ఆఖరుకొచ్చాం. ఐదో ఇన్నింగ్స్ వచ్చేసరికే అలసిపోతున్నాడు, బంతులు ఎక్కువైపోతున్నాయి. అతను త్వరగా దిగితే బుల్‌పెన్ మీద, అంటే తర్వాత వచ్చి వేసే పిచర్ల మీద, భారం పడుతుంది, మర్నాటి మ్యాచ్ మీద ఆ ప్రభావం. పోయినేడు హ్యూస్టన్‌లోనూ ఈఆర్ఏ 5.48. అంటే ఇది ఒక్క సీజన్ ఆరంభం మందకొడిగా ఉండటం కాదు, వయసు. ఆ డబ్బుతో ఒక కుర్రాణ్ణి నిలబెట్టొచ్చు. వర్లాండర్ అంటే నాకూ గౌరవమే. గౌరవం వేరు, ఐదు రోజులకోసారి బంతి చేతికివ్వడం వేరు.

హ్యూస్టన్ నుంచి, జూలై 22

బాబూ, అక్కలాంటిదాన్ని, నా మాట కూడా విను. వర్లాండర్ మా ఊరి జట్టుకి వచ్చింది 2017 ఆగస్టు 31న. హార్వీ తుఫానుకి ఊరంతా మునిగి, మేం కింది గది కార్పెట్లు పీకి బయట పడేస్తున్న వారం అది. సెప్టెంబరులో ఐదు మ్యాచ్‌లు వేసి ఐదూ గెలిచాడు. ఆ నెల మా వీధిలో ఆ ఆట తప్ప సంతోషపడటానికి ఇంకేం లేదు. అందుకే అతని మీద నాకు పక్షపాతం ఉంది, దాచుకోను.

2020లో ఒక్క మ్యాచ్ వేశాక మోచేతికి ఆపరేషన్. 2021 అంతా ఆడలేదు. 38 ఏళ్ళు వచ్చాయి, ఇక అయిపోయింది అన్నారందరూ. 2022లో తిరిగొచ్చి 18-4, ఈఆర్ఏ 1.75, సై యంగ్. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. అప్పటిదాకా వరల్డ్ సిరీస్‌లో అతని లెక్క 0-6. అంత పెద్ద పిచర్‌కి ఆ వేదిక మీద ఒక్క విన్ లేదు. ఆ ఏడాది ఫిలడెల్ఫియాలో ఐదో మ్యాచ్‌లో వచ్చింది మొదటిది. మేమంతా అర్ధరాత్రి దాకా కళ్ళలో వత్తులేసుకుని చూశాం.

శాన్ హోసే తమ్ముడు చెప్పిన 5.48 నిజమే. పోయినేడు భుజం నొప్పి, మెడ నొప్పి, సగం సీజన్ ఆడలేదు. కానీ నొప్పితో వేసిన ఏడాదిని చూసి మనిషిని కొట్టిపారేయకూడదని నా అభిప్రాయం.

ఫ్రీమాంట్ నుంచి, జూలై 22

అమ్మా, హార్వీ సంగతి చదువుతుంటే మనసు కలుక్కుమంది.

శాన్ హోసే తమ్ముడు చెప్పిన బుల్‌పెన్ భారం మాట నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు.

సన్నీవేల్ తమ్ముడికి మ్యాచ్ సంగతులు. సన్నీవేల్‌లో కాల్‌ట్రెయిన్ ఎక్కు, చివరి స్టేషన్‌లో దిగు, పది నిమిషాల నడక. కారు తీసుకెళ్ళకు. ఆగస్టని చొక్కాతో వెళ్ళకు, సాయంత్రానికి సముద్రపు గాలి ఎముకలు కొరుకుతుంది, జాకెట్ తప్పనిసరి. తిండి బయటనుంచి తీసుకెళ్ళనిస్తారు. మేం ప్రతిసారీ పులిహోర, చక్రాలు పట్టుకెళ్తాం. పక్క సీటువాళ్ళకి పెడితే ఆట గురించి తెలియనివన్నీ వాళ్ళే చెప్తారు. నేను బేస్‌బాల్ సగం అలాగే నేర్చుకున్నాను. కుడివైపు గోడ మీదుగా బంతి నీళ్ళలో పడితే చిన్న పడవల్లో జనం దానికోసం ఎగబడతారు, చూసి తీరాలి.

ఇంకో మాట. క్రికెట్ నీ బలం, వదులుకోకు. జూన్‌లో ఓక్లాండ్ కొలీజియంలో మేజర్ లీగ్ క్రికెట్ ఆడారు. ఏ'స్ అనే బేస్‌బాల్ జట్టు ఊరొదిలి వెళ్ళిపోయిన మైదానం అది. మా ఆఫీసులో నలుగురు బేస్‌బాల్ పిచ్చివాళ్ళని తీసుకెళ్ళాను. యార్కర్ అంటే ఏంటో ఇరవై నిమిషాలు అడిగారు. నీ సీనియర్‌ని కూడా వచ్చే ఏడాది తీసుకెళ్ళు.

ఆల్ఫరెటా, అట్లాంటా నుంచి, జూలై 24

తమ్మీ, నిన్న నేను గ్రౌండ్లనే ఉన్న! మాది వరంగల్, ఇక్కడ పన్నెండేండ్ల సంది అట్లాంటా జట్టు బ్రేవ్స్ ఫ్యాన్‌ని. మా టీమ్ జెయింట్స్ చేతిల ఓడిపోయింది, 9-3. కానీ చెప్తున్న, వర్లాండర్ ఐదు ఇన్నింగ్స్ ఏసిండు, ఒక్క రన్ ఇయ్యలే. బేస్‌ల మీద మా బ్రేవ్స్ బ్యాటర్లు నిలబడ్డరు, అయినా ఎవ్వర్నీ ఇంటికి, అంటే రన్ పూర్తయ్యే హోమ్ ప్లేట్ దాకా, రానియ్యలే. 263వ విన్. జెయింట్స్ చొక్కాలేసుకున్నోళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టిన్రు. నేను కూడా కొట్టిన, మా పిల్లగాడు నా దిక్కు వింతగ చూసిండు. గంత పెద్దాయన గన్ని రోజులు ఎదురుచూసిండంటే కొట్టబుద్ధి అయింది.

సన్నీవేల్ నుంచి, జూలై 24

అన్నయ్యలకీ అక్కకీ చాలా థాంక్స్. నిన్న మ్యాచ్ నా డెస్క్ మీద పక్కన పెట్టుకుని చూశాను. ఐదో ఇన్నింగ్స్ అయిపోగానే, విన్‌కి ఇంకేం కావాలో నాకు తెలుసు కాబట్టి, బుల్‌పెన్ నుంచి వచ్చిన ఒక్కొక్కడి మీదా గుండె దడదడలాడింది. ముందైతే ఆ చివరి నాలుగు ఇన్నింగ్స్ చూసేవాణ్ణే కాదు.

ఇవాళ లంచ్‌లో ఫ్రీమాంట్ అన్నయ్య చెప్పిన ప్రశ్నే అడిగాను. మా సీనియర్ ఒక నాప్‌కిన్ తీసుకుని, వంపు తిరిగే కర్వ్ బాల్‌కి వేళ్ళెలా పెడతారో బొమ్మ గీశాడు. డెట్రాయిట్‌లో పుట్టి పెరిగాడట. 2006లో వర్లాండర్ ఆ ఊరి జట్టులో ఆడుతూ రూకీ ఆఫ్ ది ఇయర్ (ఏడాది మేటి కొత్త ఆటగాడు) అయినప్పుడు ఈయన కాలేజీలో ఉన్నాడట. సోమవారం నేనన్న మాటకి ఎందుకు మౌనంగా ఉండిపోయాడో ఇప్పుడర్థమైంది. ఆగస్టు మ్యాచ్‌కి ఆయన పక్క సీటే నాది. పులిహోర చేయడం రాదు, ఫ్రీమాంట్ వదినగారు కొలతలు చెప్తే ఈ శనివారమే ఒకసారి చేసి చూస్తాను.