ఫెచ్‌కి ప్రోగ్రెస్ ఈవెంట్లు కావాలా, స్ట్రీమ్‌లు చాలవా?

అప్‌లోడ్‌బార్:
ఫైల్ అప్‌లోడ్ ఉన్న ప్రతి ప్రాజెక్టులోనూ ఇదే తంతు. కోడంతా ఫెచ్‌తో, అంటే పేజీ నుంచి సర్వర్‌కి రిక్వెస్టులు పంపే బ్రౌజర్ ఫంక్షన్‌తో రాస్తాం, అప్‌లోడ్ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అదే పని చేసే పాత ఎక్స్‌హెచ్‌ఆర్ (XMLHttpRequest) గడప తొక్కుతాం. దాని అప్‌లోడ్ ఆబ్జెక్ట్‌కి ఒక లిజనర్ తగిలిస్తే ఎన్ని బైట్లు వెళ్లాయో చెబుతుంది, ఫెచ్ చెప్పదు. సర్వీస్ వర్కర్‌లో (పేజీకి వెనక విడిగా నడిచే స్క్రిప్ట్) ఎక్స్‌హెచ్‌ఆరే ఉండదు కాబట్టి అక్కడ ఆ దారీ లేదు. ఫెచ్‌కి ఒక అబ్జర్వర్ (పని ఎంత సాగిందో కనిపెట్టే ఆబ్జెక్ట్) ఇచ్చి, వెళ్లిన బైట్లకు ఒక ఈవెంట్, వచ్చిన బైట్లకు ఒక ఈవెంట్ పెడదామన్న ఆలోచన ప్రమాణాల చర్చల్లో ఎప్పటినుంచో నలుగుతోంది. నా మటుకు ఇది ఎప్పుడో రావాల్సింది. స్ట్రీమ్‌లు (డేటాను ముక్కలు ముక్కలుగా అందించేవి) ఉండగా ఇదెందుకు అనేవాళ్లు ఉంటే చెప్పండి, వింటాను.

నీటిగొట్టం:
నేనే అంటాను. డౌన్‌లోడ్‌లో రెస్పాన్స్ బాడీయే ఒక స్ట్రీమ్, ముక్క వచ్చినప్పుడల్లా దాని పొడవు కూడుకుంటే సరి. అప్‌లోడ్‌కీ క్రోమ్ 105 నుంచి రిక్వెస్ట్ బాడీగా స్ట్రీమ్ ఇవ్వొచ్చు, మధ్యలో ట్రాన్స్‌ఫార్మ్ స్ట్రీమ్ (ముక్కలు తన గుండా సాగిపోయే స్ట్రీమ్) పెట్టి లెక్కపెట్టుకోండి. బ్రౌజర్ చిన్న పనిముట్లు ఇస్తే చాలు, మిగతాది లైబ్రరీలు కట్టుకుంటాయి. అడిగినవాళ్లందరికీ తలా ఒక ఈవెంట్ ఇచ్చుకుంటూ పోతే చివరికి ఫెచ్ కూడా ఎక్స్‌హెచ్‌ఆర్ లాగే తయారవుతుంది.

పాకెట్‌లెక్క:
నీటిగొట్టం గారూ, మీరు లెక్కపెట్టే చోటే సరైంది కాదు. ట్రాన్స్‌ఫార్మ్ స్ట్రీమ్ చెప్పేది బ్రౌజర్ మీ దగ్గర తీసుకున్న బైట్లు, వైరు మీదికి వెళ్లినవి కావు. బ్రౌజర్ లోపల బఫర్లు, దాని కింద ఆపరేటింగ్ సిస్టమ్ సాకెట్ బఫర్. చిన్న ఫైలైతే మొత్తం ఒక్కసారిగా లాగేసుకుంటుంది, ప్రోగ్రెస్ బార్ క్షణంలో 100% చూపిస్తుంది. ఆ తర్వాత యూజర్ నిండిపోయిన బార్‌ని చూస్తూ కూర్చోవాలి.

పైగా స్ట్రీమ్ అప్‌లోడ్‌కి ఎన్ని షరతులో చూడండి. ఫెచ్ ఆప్షన్లలో డ్యూప్లెక్స్ హాఫ్ అని రాయాలి. క్రోమ్‌లో హెచ్‌టీటీపీ/2 గానీ ఆ పైది గానీ ఉండాలి. వేరే ఆరిజిన్‌కి (వేరే సైట్‌కి) పంపితే ప్రీఫ్లైట్ (ముందుగా సర్వర్ అనుమతి అడిగే రిక్వెస్ట్) తప్పదు. కంటెంట్-లెంగ్త్ (బాడీ సైజు చెప్పే హెడర్) వెళ్లదు. 303 కోడ్ తప్ప ఏ రీడైరెక్ట్ (వేరే చిరునామాకి వెళ్లమనే జవాబు) వచ్చినా రిక్వెస్ట్ ఫెయిల్. మన చేతిలో ఉన్నదేమో సైజు ముందే తెలిసిన ఫైల్! బార్ కోసం దాన్ని స్ట్రీమ్‌గా మార్చి, ఆ సైజు సర్వర్‌కి తెలియకుండా చేస్తున్నాం.

డౌన్‌లోడూ అంత సులువు కాదండీ. జీజిప్‌తో కుదించి వస్తే కంటెంట్-లెంగ్త్‌లో ఉండేది కుదించిన సైజు, స్ట్రీమ్‌లో మీకు అందేవి విప్పిన ముక్కలు. హెడర్ 1 ఎంబీ అంటుంది, మీ లెక్క 4 ఎంబీ దాకా పోతుంది, బార్ 400% అంటుంది. విప్పకముందు ఎన్ని బైట్లు వచ్చాయో బ్రౌజర్‌కే తెలుసు, డౌన్‌లోడ్ సాగుతుండగా స్క్రిప్ట్‌కి తెలిసే దారి లేదు.

నీటిగొట్టం:
విప్పిన సైజును సర్వర్ ఇంకో హెడర్‌లో పంపొచ్చుగా?

పాకెట్‌లెక్క:
సర్వర్ మీదైతే పంపొచ్చు. మధ్యలో సీడీఎన్ (యూజర్‌కి దగ్గర నుంచి ఫైళ్లు అందించే సర్వర్లు) అప్పటికప్పుడు కుదించి పంపుతుంటే మామూలుగా కంటెంట్-లెంగ్త్ కూడా ఉండదు.

తాళంచెవి:
మీరంతా బార్ దగ్గరే ఆగిపోయారు. బైట్ల లెక్క బయటపెట్టడమంటే సమాచారం బయటపెట్టడమే. ఎక్స్‌హెచ్‌ఆర్‌లో సెండ్ పిలవకముందే అప్‌లోడ్ లిజనర్ పెడితే, మామూలుగా ప్రీఫ్లైట్ అక్కర్లేని క్రాస్-ఆరిజిన్ (వేరే సైట్‌కి వెళ్లే) పోస్ట్‌కి కూడా ప్రీఫ్లైట్ వెళ్తుంది. చాలామంది దీన్ని బగ్ అనుకుని తిట్టుకుంటారు, కానీ కావాలనే అలా పెట్టారు. సర్వర్ అనుమతి లేకుండానే అప్‌లోడ్ ఎంత సాగిందో పేజీకి తెలిసిపోతే, యూజర్ లోపలి నెట్‌వర్క్‌లో ఏ చిరునామాలో సర్వర్ ఉందో ఆరా తీయొచ్చు. కుదించిన సైజు ఇంకా సున్నితం. 2013లో బయటికొచ్చిన బ్రీచ్ దాడి ఆ సైజును గమనించే నడిచింది: మన ఊహ పేజీలోని రహస్యంతో కలిస్తే కుదింపు ఎక్కువై రెస్పాన్స్ కాస్త చిన్నదవుతుంది. అంతే చాలు.

అందుకని నో-కార్స్ రిక్వెస్టులకు (జవాబును పేజీకి చదవనివ్వని క్రాస్-ఆరిజిన్ రిక్వెస్టులు) అబ్జర్వర్ ఇవ్వకూడదు, క్రాస్-ఆరిజిన్ అప్‌లోడ్‌కి ప్రీఫ్లైట్ తప్పనిసరి. ఈ రెండూ లేకపోతే నేను వ్యతిరేకం.

అప్‌లోడ్‌బార్:
పెద్ద ఫైల్ పంపేటప్పుడు ప్రీఫ్లైట్ ఖర్చు ఒక లెక్క కాదు. నా టెన్షన్ వేరే. ఏదో లాగింగ్ లైబ్రరీ ఫెచ్‌ని చుట్టి, అన్నిటికీ అబ్జర్వర్ తగిలిస్తుంది. నిన్నటిదాకా పనిచేసిన రిక్వెస్టులు, సర్వర్ ప్రీఫ్లైట్‌కి జవాబివ్వక ఆగిపోతాయి. కారణం ఎక్కడుందో వెతకడానికే రోజంతా పోతుంది.

మెట్లుమెట్లు:
మేం ఈ స్పెక్ (ప్రమాణ పత్రం) కోసం ఆగలేదు. ఫైల్‌ని బ్లాబ్ స్లైస్ అనే మెథడ్‌తో 5 ఎంబీ ముక్కలు చేసి ఒక్కోదాన్ని ఒక్కో ఫెచ్‌తో పంపుతాం. సర్వర్ అందిందన్నాకే బార్ జరుగుతుంది. నెట్ తెగితే ఆ ఒక్క ముక్కే మళ్లీ పంపితే సరిపోతుంది. టస్ ప్రోటోకాల్ కూడా ఆగిన చోటు నుంచే అప్‌లోడ్ కొనసాగించనిస్తుంది. మా బార్ అంత సాఫీగా కదలదు, నిజమే. కానీ అది చూపించిందంతా సర్వర్‌కి చేరినదే.

పాకెట్‌లెక్క:
మంచి పద్ధతే. అయితే నెట్ నెమ్మదిగా ఉంటే ఆ 5 ఎంబీ కోసం బార్ చాలాసేపు కదలదు, ఆగిపోయిందనుకుని యూజర్ పేజీ రీలోడ్ కొడతాడు. ముక్క లోపలి కదలిక చూపాలంటే మళ్లీ ఈ ఈవెంటే కావాలి.

ఈవెంట్‌లో ఏముండాలంటే, వెళ్లిన బైట్లు, మొత్తం బైట్లు, అంతే. శాతం వద్దు. మొత్తం తెలియకపోతే తెలియదనే చెప్పాలి. ఎక్స్‌హెచ్‌ఆర్ అప్పుడు టోటల్‌ని 0 అని ఇచ్చి, లెంగ్త్‌కంప్యూటబుల్ అనే వేరే ఫ్లాగ్ చూసుకోమంటుంది. దాన్ని చూడకుండా భాగించి స్క్రీన్ మీద ఇన్ఫినిటీ చూపించిన పేజీలు లోకంలో కోకొల్లలు. 50 మిల్లీసెకన్లకు ఒకటికి మించకుండా ఈవెంట్లు పంపే పాత నియమం మాత్రం ఉంచాలి. ఇంకోటి, 'వెళ్లిన' అంటే బ్రౌజర్ కింది పొరకు అప్పగించినవి, సర్వర్‌కి చేరినవి కావు అని స్పెక్‌లోనే రాయాలి.

నీటిగొట్టం:
అయితే ఇది తేల్చండి. 40 ఎంబీ వెళ్లాక 307 రీడైరెక్ట్ వచ్చింది, బాడీ మొదటినుంచి మళ్లీ పంపాలి. లెక్క సున్నాకి దిగుతుందా, 40 మీద కూడుతుందా?

పాకెట్‌లెక్క:
దిగాలి. 40 మీద కూడితే మొత్తాన్ని దాటిపోతుంది. బార్ వెనక్కి రావడం చూడలేని డిజైనర్ తన పేజీలో దాచుకోవచ్చు, స్పెక్ దాచకూడదు.

అప్‌లోడ్‌బార్:
దిగినప్పుడు కారణం కూడా ఈవెంట్‌లోనే ఉండాలి: రీడైరెక్ట్ వచ్చిందా, కనెక్షన్ తెగి బ్రౌజరే మళ్లీ పంపిందా అని. లేకపోతే మా టెస్టర్లు దాన్ని మొదటి రోజే బగ్ అని రాస్తారు.

తాళంచెవి:
రీడైరెక్ట్ అయిందని చెప్పడంలో ఇబ్బంది లేదు, రెస్పాన్స్‌లో రీడైరెక్టెడ్ అనే ఫ్లాగ్ ఇప్పటికే ఉంది. మధ్యలో ఏ చిరునామాల మీదుగా వెళ్లిందో మాత్రం ఈవెంట్‌లో పెట్టొద్దు.