‘యూజ్డ్ టు’ అంటే ‘అలవాటు’ అని నేర్చుకుని చిక్కుల్లో పడినవారు మీ అనుభవాలు తెలియజేయండి

టెక్కలి వాసి:
గత నెలలో మా నాన్నగారిని వైద్యం కోసం చెన్నై తీసుకువెళ్ళాను. అక్కడి డాక్టరుగారికి తెలుగు రాదు, నాకు తమిళం రాదు. అందువల్ల ఇంగ్లిషులోనే మాట్లాడుకున్నాం. నాన్నగారు రోజూ ఉదయం బీపీ మాత్ర వేసుకుంటారని చెప్పే ఉద్దేశంతో నేను ‘హీ యూజ్డ్ టు టేక్ బీపీ టాబ్లెట్ డైలీ’ అన్నాను. ఆయన తల ఊపి రాసుకున్నారు. తీరా చీటీ చేతికి వచ్చాక చూస్తే, పాత మాత్ర మానేసినట్లుగా అందులో ఉంది, దాని కింద మరో కొత్త మాత్ర ఉంది. మందుల షాపులో పనిచేసే తెలుగు అబ్బాయి నా చేతిలోని పాత మాత్రల అట్ట చూసి అనుమానపడి అడగబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నాన్నగారు రెండు మాత్రలూ వేసుకునేవారు.

ఇందులో డాక్టరుగారి పొరపాటు ఏమీ లేదని నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి ఆ మాటకు ‘అలవాటు’ అనే అర్థం చదువుకున్నాను. నాన్నగారికి మాత్ర వేసుకునే అలవాటు ఉంది కాబట్టి ఆ మాటే వాడాను. అసలు ఎక్కడ తప్పాను? వచ్చే నెల మళ్ళీ వెళ్ళాలి. ఈసారి చెప్పవలసినదంతా కాగితం మీద రాసుకుని వెళ్ళాలనుకుంటున్నాను.

బొబ్బిలి టీచరు:
అయ్యా, మీరు తప్పిన చోటనే మా హైస్కూలు పిల్లలూ ఏటా తప్పుతున్నారు. ‘యూజ్డ్ టు’ తరువాత క్రియ మూలరూపం వస్తే అది గడిచిపోయిన కాలానికి సంబంధించిన మాట. ఒకప్పుడు ఆ పని జరిగేది, ఇప్పుడు జరగడం లేదు అనే సూచన అందులోనే ఉంటుంది. దానికి వర్తమానకాల రూపం లేదు. మీ డాక్టరుగారి చెవికి మీ వాక్యం ‘ఒకప్పుడు వేసుకునేవారు’ అని వినిపించింది. మీరు చెప్పదలచుకున్నది ‘వేసుకుంటారు’ అని. దానికి ‘హీ టేక్స్ ఎ బీపీ టాబ్లెట్ ఎవ్రీ డే’ అంటే చాలు.

నేను తరగతిలో ‘అలవాటు’ అనే మాటనే బోర్డు మీద నుంచి తుడిచేశాను. దాని బదులు తెలుగు క్రియ చివర చూడమంటాను. ‘వెళ్తాను, వెళ్తూంటాను’ అంటే ఇంగ్లిషులో సాధారణ వర్తమానం. ‘వెళ్ళేవాణ్ణి, వెళ్ళేదాన్ని, వెళ్ళేవాళ్ళం’ అంటే ‘యూజ్డ్ టు గో’. మన ఊళ్ళ మాటలో ‘ఎల్లేవోళ్ళం’ అన్నా పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది. ‘మా నాన్నగారు మాత్ర వేసుకునేవారు’ అని తెలుగులో మీరు ఎవరితోనైనా అని చూడండి. ‘మరి ఇప్పుడు మానేశారా?’ అని వాళ్ళు తప్పక అడుగుతారు. ఇంగ్లిషు వినేవారికీ అదే సందేహం కలుగుతుంది.

మీది టెక్కలి అన్నారు కాబట్టి మీకు తెలిసిన ఉదాహరణే ఇస్తాను. 1900లో మొదలైన పర్లాకిమిడి చిన్న రైలు మార్గం మీద నౌపడ నుంచి మీ టెక్కలి మీదుగా గుణుపురం దాకా చిన్న బండి నడిచేది. 2004లో దాన్ని ఆపి పట్టాలు మార్చారు. ‘ఎ నేరో గేజ్ ట్రైన్ యూజ్డ్ టు రన్ ఫ్రమ్ నౌపడ టు గుణుపూర్’ అంటే సరైన వాక్యం. ఇప్పుడు నడుస్తున్న పెద్ద బండి గురించి మాత్రం ‘ఎ బ్రాడ్ గేజ్ ట్రైన్ రన్స్’ అనే చెప్పాలి.

రాజాం బ్యాంకు ఉద్యోగి:
టీచరుగారు చెప్పిన దానికి మా కౌంటరులో జరిగిన ఒక సంగతి తోడు చేస్తాను. ఒక రైతు ప్రతి నెలా ఐదో తేదీన క్రమం తప్పకుండా వాయిదా కడతారు. ఆయన కొడుకు తండ్రి తరఫున పై కార్యాలయానికి ఉత్తరం రాస్తూ ‘మై ఫాదర్ యూజ్డ్ టు పే ఆన్ ద ఫిఫ్త్ ఆఫ్ ఎవ్రీ మంత్’ అని రాశాడు. అది చదివిన ఇతర రాష్ట్రపు అధికారి ‘చెల్లింపు ఎప్పటి నుంచి ఆగిపోయింది, ఎందుకు ఆగిపోయింది’ అని మాకు ప్రశ్న పంపారు. ఖాతా వివరాలు పంపి సర్దుబాటు చేయవలసి వచ్చింది.

‘అలవాటు’ అనే అర్థం చాలదని చెప్పడానికి మా ఊరే సాక్ష్యం. 2022 ఏప్రిల్ 4 నాటి జిల్లాల విభజనకు ముందు రాజాం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉంది. ‘రాజాం యూజ్డ్ టు బి ఇన్ శ్రీకాకుళం డిస్ట్రిక్ట్’ అంటాం. ఊరికి అలవాట్లు ఉండవు కదా! ఇక్కడ చెబుతున్నది ఒకప్పటి స్థితి.

పలాస డిగ్రీ విద్యార్థిని:
మరి ‘అలవాటు’ అనే అర్థం పూర్తిగా తప్పేనా, టీచరుగారూ? నిరుడు ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో రాత్రి షిఫ్టు చేయగలవా అని అడిగితే ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్క్ ఎట్ నైట్’ అన్నాను. వాళ్ళకు అర్థమైంది గానీ, ‘వర్కింగ్’ అనాలని సరిదిద్దారు. ఎందుకో చెప్పలేదు. అప్పటి నుంచి ఆ సందేహం అలాగే ఉండిపోయింది.

బొబ్బిలి టీచరు:
తప్పు కాదమ్మా. నువ్వన్న వాక్యంలోనే ఆ అర్థానికి చోటుంది. ముందు ‘యామ్, ఈజ్, ఆర్, వజ్’ వంటి మాట ఉంటే అప్పుడే ‘అలవాటు పడి ఉన్నాను’ అని అర్థం. అక్కడి ‘టు’ మన ‘కి, కు’ వంటి విభక్తి. దాని తరువాత నామవాచకం రావాలి. ‘రాత్రి పనికి అలవాటు పడ్డాను’ అన్నట్లే ‘రాత్రి పనిచేయడానికి’ అనాలి. ఆ ‘చేయడం’ అనేదే ఇంగ్లిషులో ‘వర్కింగ్’. సందేహం వస్తే ఆ చోట ఒక నామవాచకం పెట్టి చూడు. ‘ఐ యామ్ యూజ్డ్ టు నైట్ షిఫ్ట్స్’ అని కుదిరింది కదా, అలా కుదిరిన చోట క్రియకు ‘ఇంగ్’ తప్పదు.

అలవాటు అవుతున్న క్రమాన్ని చెప్పాలంటే ‘గెట్’ వాడాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మీ పలాస దగ్గరే తీరం దాటింది. ఆ తరువాత చీకటిలో గడిపిన రోజులు నీకు గుర్తుండే ఉంటాయి. ‘వి గాట్ యూజ్డ్ టు లివింగ్ వితౌట్ ఎలక్ట్రిసిటీ’ అంటే కరెంటు లేకుండా బతకడానికి అలవాటు పడ్డాం అని. ‘వి యూజ్డ్ టు లివ్ వితౌట్ ఎలక్ట్రిసిటీ’ అంటే మన తాతల కాలంలో కరెంటు లేకుండా బతికేవాళ్ళం అని. ఈ రెండింటినీ పక్కపక్కన రాసి పెట్టుకో.

పొందూరు చదువరి:
మూడో రూపం కూడా ఉంది, దానితోనూ పిల్లలు తికమకపడుతున్నారు. మా ఊళ్ళో ఖాదీకి పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. ‘ద జా బోన్ ఆఫ్ ద వాలుగ ఫిష్ ఈజ్ యూజ్డ్ టు క్లీన్ ద కాటన్’ అని మా అమ్మాయి రాసింది. ‘ఈజ్’ ఉంది కాబట్టి ‘క్లీనింగ్’ అనాలేమో అని స్నేహితురాలు దిద్దించబోయింది. అలా దిద్దితే పత్తిని శుభ్రం చేయడానికి ఎముక అలవాటు పడిందని అర్థం వస్తుంది! ఇక్కడ ‘యూజ్డ్’ అంటే ‘ఉపయోగిస్తారు’ అనే మామూలు క్రియ.

ఉచ్చారణలోనూ తేడా ఉంది. ‘ఉపయోగిస్తారు’ అనే అర్థంలో ‘యూజ్డ్’ అని పలుకుతారు. మిగిలిన రెండు అర్థాలలో ‘యూస్టు’ అన్నట్లు ఒకే ఊపున పలుకుతారు. చెవితో పట్టుకుంటే సగం సందేహాలు తీరతాయని నా అభిప్రాయం.

విజయనగరం విశ్రాంత ఉపాధ్యాయుడు:
బొబ్బిలి టీచరుగారి సూత్రం మంచిదే. అయితే ఒక చోట అది మోసం చేస్తుంది. ఈ చర్చ మొదలుపెట్టిన వారి మాటే చూడండి: ‘లేకపోతే నాన్నగారు రెండు మాత్రలూ వేసుకునేవారు.’ అక్కడా ‘వేసుకునేవారు’ ఉంది, కానీ అది గతంలో మళ్ళీమళ్ళీ జరిగిన పని కాదు, జరగకుండా తప్పిపోయిన పని. దానికి ‘వుడ్ హావ్ టేకెన్’ అనాలి. ‘చెప్పి ఉంటే వచ్చేవాణ్ణి’ అనే అర్థంలో ‘ఇఫ్ యు టోల్డ్, ఐ యూజ్డ్ టు కమ్’ అని రాసిన కాగితాలు నా సర్వీసులో ఎన్నో దిద్దాను. కాబట్టి ఆ వాక్యానికి ముందు ‘ఒకప్పుడు’ అనే మాట చేర్చి చూడండి. పొసగితేనే ‘యూజ్డ్ టు’.

ఇన్ని సార్లు, ఇన్నేళ్ళు అని లెక్క చెప్పినప్పుడు కూడా అది పనికిరాదు. ‘అరసవల్లికి నాలుగు సార్లు వెళ్ళాను’ అంటామే గాని ‘నాలుగు సార్లు వెళ్ళేవాణ్ణి’ అనం కదా. ‘ఐ వెంట్ టు అరసవల్లి ఫోర్ టైమ్స్’ అంతే. ఇక ‘డిడ్’ వచ్చినప్పుడు చివరి ‘డి’ అక్షరం తీసి ‘డిడ్ నాట్ యూజ్ టు’ అని రాయాలన్నది అందరూ చెప్పేదే.

టెక్కలి వాసి:
అందరికీ నమస్కారాలు. డాక్టరుగారికి ఇవ్వడానికి ఇలా రాశాను, దయచేసి చూడండి. ‘మై ఫాదర్ టేక్స్ దిస్ టాబ్లెట్ ఎవ్రీ మార్నింగ్. హీ యూజ్డ్ టు టేక్ హాఫ్ ఎ టాబ్లెట్ ఫర్ సిక్స్ ఇయర్స్. హీ ఈజ్ యూజ్డ్ టు ఈట్ ఆవకాయ విత్ ఎవ్రీ మీల్.’

విజయనగరం విశ్రాంత ఉపాధ్యాయుడు:
బాబూ, మొదటి వాక్యం సరిగా ఉంది. రెండో దానిలో ఆరేళ్ళు అని లెక్క చెప్పారు కాబట్టి ‘హీ టుక్ హాఫ్ ఎ టాబ్లెట్ ఫర్ సిక్స్ ఇయర్స్’ అనండి. ఆ వెంటనే ‘నౌ హీ టేక్స్ ఎ ఫుల్ వన్’ అని చేర్చండి, డాక్టరుకు కావలసింది అదే. మూడో దానిలో ‘ఈటింగ్’.

టెక్కలి వాసి:
దిద్దాను, మాస్టారూ. ఆవకాయ మాట వినగానే డాక్టరుగారు ఉప్పు మానమంటారని నాన్నగారికి బెంగ పట్టుకుంది. అయినా ఆ వాక్యం తీసేయలేదు. నాలుగు వాక్యాలూ పెద్ద అక్షరాలతో రాసి, పాత మాత్రల అట్టను ఆ కాగితానికే పిన్ను చేసి ఫైలులో పెట్టాను.