కుక్కర్‌లో స్టెరిలైజ్ చేసినా పుట్టగొడుగుల విత్తనం పాడైపోతోంది

పుట్టగొడుగుల విత్తనం (పుట్టగొడుగు శిలీంధ్రం అల్లుకున్న గింజలు) తయారీకి అరలీటరు గాజు సీసాల్లో ఉడికించి ఆరబెట్టిన జొన్నలు నింపి, ప్రెషర్ కుక్కర్‌లో 15 పీఎస్ఐ (ఆవిరి పీడనం కొలత) దగ్గర 45 నిమిషాలు ఉంచుతున్నాను. మూడో రోజుకల్లా అడుగు గింజలు జిగురుగా గాజుకు అంటుకుని పుల్లటి వాసన వస్తోంది. వరుసగా మూడు విడతలు ఇలాగే పోయాయి, చాలా బాధగా ఉంది.

చేతులకు 70 శాతం ఆల్కహాల్ రాశాను. బల్లను బ్లీచ్ నీళ్లతో పది నిమిషాలు తడిగా ఉంచి తుడిచాను. మార్పు లేదు. పైగా ఈసారి తల్లి విత్తనం (కొత్త గింజల్లో కలిపే, ముందే శిలీంధ్రం పెరిగిన గింజలు) కలపకుండా, మూతే తీయకుండా పక్కన పెట్టిన సీసా కూడా పాడైంది. అంటే తప్పు చేతుల్లోనో బల్ల మీదో కాదు, గింజల్లోని బ్యాక్టీరియా స్పోర్లు (వేడిని తట్టుకునే నిద్రాణ రూపాలు) ఆ వేడికి చావట్లేదని నా అనుమానం.

ఇంత సీసా గింజలు పూర్తిగా స్టెరిలైజ్ కావాలంటే 15 పీఎస్ఐ వచ్చాక ఎన్ని నిమిషాలు ఉంచాలి?