అప్‌డేట్: 22 ఫ్లాట్లు చూసినా తేల్చుకోలేకపోయిన దంపతుల విషయం

నెల క్రితం నేనడిగింది ఇదీ: మియాపూర్, బాచుపల్లి వైపు 22 ఫ్లాట్లు చూపించాను. సార్‌కి అన్నీ ఇవాళే అయిపోవాలి, రాత్రి పదకొండుకి కూడా ఫోన్. మేడమ్‌కి ప్రతి ఇంట్లో ఏదో అనుమానం. ఈ క్లయింట్లను వదిలేయాలా అని అడిగాను. వాళ్ల భయమేంటో ముందు కనుక్కోమన్నారు మీలో ఒకరు. ఆ మాటే పనిచేసింది.

ఆదివారం వాళ్లింటికి వెళ్లి, ఫ్లాట్ల మాట ఎత్తకుండా కూర్చున్నాను. మేడమ్ వాళ్ల నాన్నగారు కొన్న ప్లాటు మీద బ్యాంకు అప్పుందని రిజిస్ట్రేషన్ అయ్యాకే తెలిసిందట. చెబుతుంటే ఆవిడ గొంతు వణికింది. నేనేమో ఇన్నాళ్లూ వాస్తు పట్టింపు అనుకున్నాను!

తర్వాత రెండే ఫ్లాట్లు ముందు పెట్టాను. రెండింటికీ ఈసీ (ఆస్తి మీద అప్పులున్నాయేమో చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), రెరా నంబరు (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో ప్రాజెక్టు నమోదు నంబరు) ముందే తెచ్చాను. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా బిల్డర్ ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని 2016 రెరా చట్టంలో ఉందని కూడా చూపించాను. కాగితాలు ఆవిడే గంటసేపు చదివారు.

సార్‌తో ఒకటే ఒప్పందం: రోజూ సాయంత్రం ఏడింటికి నేనే ఫోన్ చేస్తాను, కొత్త సంగతి లేకపోయినా సరే. రెండు రోజులు రాత్రి ఫోన్లు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. ఆయన టెన్షనంతా ఏమీ తెలియకపోవడం వల్లే.

చివరికి ఎంచుకున్నది మొదట్లో వద్దన్న ఎనిమిదో ఫ్లాటే. ఆషాఢం కదా, అడ్వాన్స్ శ్రావణంలో ఇస్తామన్నారు. ప్రస్తుతం కాగితాలు లాయరు గారి దగ్గరున్నాయి.